అబద్ధాల ఇంగ్లీషుకు మెరియమ్-వెబ్‌స్టర్: ఏ భాగం చదవాలి, ఎక్కడ నమ్మకూడదు

లై, ప్రివారికేట్, ఈక్వివొకేట్, పాల్టర్, ఫిబ్. ఈ ఐదింటికీ ‘అబద్ధమాడు’ అని ఒకే మాట రాసి ఊరుకుంటే అనువాదం చెడిపోతుంది. పత్రికలో అయితే పరువునష్టం నోటీసు దాకా పోవచ్చు. కోర్టు కాగితంలో అయితే సాక్షి చేయని పని చేసినట్టు రికార్డు అవుతుంది. రోజూ ఇంగ్లీషు నుంచి తెలుగులోకి రాసే సబ్‌ఎడిటర్లకు, అనువాదకులకు, లా విద్యార్థులకు, గ్రూప్స్‌కు చదివేవాళ్లకు పైసా ఖర్చు లేకుండా ఈ తేడాలు చెప్పగల సాధనాల్లో మెరియమ్-వెబ్‌స్టర్ వెబ్‌సైటును ముందు చెప్పాలి. అబద్ధం, దాటవేత, మోసం అనే మూడు గుంపుల మాటల వరకే దాన్ని ఇక్కడ సమీక్షిస్తున్నాం.

తీర్పు ముందే చెప్పేస్తే చదివేవాళ్లకు సుళువు. ఇందులో విలువైనది పర్యాయపదాల జాబితా కాదు. నిర్వచనాల కింద ‘చూజ్ ది రైట్ సినానిం’ అనే పేరుతో ఉండే చిన్న పేరా. జాబితాలోంచి మాట ఏరుకున్నవాళ్లు తప్పు చేస్తారు, పేరా చదివి ఏరుకున్నవాళ్లు చాలావరకు చేయరు. చట్టం సంగతి వచ్చినప్పుడు మాత్రం ఆ పేరాను కూడా పక్కన పెట్టి మన చట్టాన్నే తెరవాలి. ఎందుకో కింద చెప్తాం.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మెరియమ్ సోదరులు 1831లో పెట్టిన సంస్థ ఇది. నోవా వెబ్‌స్టర్ చనిపోయాక 1843లో ఆయన నిఘంటువు హక్కులు కొనుక్కుంది. 1964 నుంచి బ్రిటానికా చేతిలో ఉంది. పర్యాయపదాల మధ్య తేడాలు చెప్పడానికే ప్రత్యేకంగా ఒక నిఘంటువును 1942లోనే అచ్చువేసింది. సైటులో కనిపించే ఆ చిన్న పేరాల వెనక ఇంత పాత పని ఉంది, అందుకే అవి అంత పొందికగా ఉంటాయి.

వాడే పద్ధతి సులువే గాని మొదటి మెట్టు మీదే చాలామంది జారతారు. ‘లై’ అని కొడితే ముందు వచ్చేది అబద్ధం కాదు, ‘పడుకొని ఉండు’ అనే క్రియ. ఆ పేజీలో ఒకే స్పెల్లింగుతో నాలుగు వేర్వేరు పదాలున్నాయి. అబద్ధమాడే క్రియ మూడోది, అబద్ధం అనే నామవాచకం నాలుగోది. వెతకాల్సినది మూడో పదం కింద. అక్కడి మొదటి నిర్వచనంలో రెండు ముక్కలున్నాయి: మాట నిజం కాకపోవడం, మోసగించాలన్న ఉద్దేశం ఉండడం. రెండూ కలిస్తేనే లై. రెండో అర్థంలో మాటే అక్కర్లేదు, తప్పుడు అభిప్రాయం కలిగించినా చాలు. ఇంగ్లీషు వాళ్లు ‘లెక్కలు అబద్ధమాడవు’ అనడం ఆ రెండో అర్థంలోనే.

ఉద్దేశం అన్న ముక్క చిన్నది కాదు. 2017 జనవరిలో అమెరికా రేడియో సంస్థ ఎన్‌పీఆర్, అధ్యక్షుడు ట్రంప్ చేసిన నిజం కాని వ్యాఖ్యలకు ‘లై’ అన్న మాట ఎందుకు వాడడం లేదో వివరిస్తూ నిఘంటువు నిర్వచనాన్నే ఆధారంగా చూపింది. ఆయన మనసులో ఏముందో తమకు తెలియదని దాని వాదన. అదే నెలలో న్యూయార్క్ టైమ్స్ మాత్రం ఆ మాటను శీర్షికలోనే పెట్టింది. తెలుగు డెస్కుల మీద ఈ తేడా చాలా తొందరగా చెరిగిపోతుంది. ఏజెన్సీ వార్తలో ‘ఫాల్స్ క్లెయిమ్’ అని ఉంటే తెలుగులో ‘పచ్చి అబద్ధం’ అయి కూర్చుంటుంది. ఫాల్స్ అంటే నిజం కానిది, అంతే. చెప్పినవాడు నమ్మి చెప్పి ఉండొచ్చు. అక్కడ ‘వాస్తవం కాదు’, ‘ఆధారం లేని మాట’ అని రాయాలి.

ఇక అసలు పేరా. లై మొండిగా, నేరుగా తప్పు మోపే మాట అంటుంది. ప్రివారికేట్ కాస్త మెత్తన: సాగదీసి, మాటకు మాట తగిలించి, విషయాన్ని గందరగోళం చేయడం. ఈక్వివొకేట్ అంటే రెండర్థాలున్న మాట వాడి, వినేవాడికి ఒకటి తోచేలా తాను ఇంకొకటి అనుకోవడం. పాల్టర్ అంటే నమ్మదగని మాటలు చెప్పడం, నిలబెట్టుకునే ఉద్దేశం లేని హామీలివ్వడం. ఫిబ్ చిన్నా చితకా బొంకు. ఐదు వాక్యాలే గాని ఒక్కొక్కటీ తూచి రాసినవి.

వీటిని బట్టీ పడితే నిలవవు. ఒకే ప్రశ్నకు రకరకాల జవాబులు రాసుకుని చూస్తే నిలుస్తాయి. సెకండ్ హ్యాండ్ బైకు అమ్మకం అనుకుందాం. ఆ బండి ఏడాది కిందట లారీ కింద పడింది, ముందు ఫోర్క్ మార్చారు. కొనడానికి వచ్చిన కుర్రాడు “అన్నా, బండికి యాక్సిడెంటేమైనా అయిందా?” అని అడిగాడు. “లేదు తమ్ముడూ, గీత కూడా పడలేదు” అంటే అది లై. “యాక్సిడెంటంటే ఏంటి తమ్ముడూ, రోడ్డు మీద తిరిగే బండన్నాక అక్కడా ఇక్కడా తగలదా, పోయిన మోడల్‌కైతే బంపరే సరిగ్గా ఉండేది కాదు…” అంటూ సాగితే ప్రివారికేట్. “నా చేతిలో ఉండగా ఒక్కసారి కూడా పడలేదు” అన్నాడనుకోండి. పడేసింది బావమరిది. ‘చేతిలో ఉండగా’ అంటే ‘నా దగ్గరున్నంత కాలం’ అని కుర్రాడికి అర్థమైంది, అమ్మేవాడి లెక్కలో అది ‘నేను నడుపుతుండగా’. ఇది అచ్చమైన ఈక్వివొకేట్. “సర్వీసంతా షోరూములోనే, బిల్లులన్నీ ఉన్నాయి, చూసుకో” అన్నది అక్షరాలా నిజమే, అయినా ప్రశ్నకు జవాబు కాదు. ఇది పాల్టర్, పై పేరా చెప్పిన అర్థంలో కాదు, కింద చెప్పబోయే ప్రత్యేకార్థంలో. “ముందు ఒక రౌండేసి రా, తర్వాత మాట్లాడుకుందాం” అనడం ఉత్త దాటవేత, ఇవేడ్. ఫిబ్‌కు ఈ బేరంలో చోటు లేదు. ఆకలేస్తున్నా చుట్టాలింట్లో “ఇప్పుడే తిని వచ్చామండీ” అంటాం చూడండి, అది ఫిబ్.

తెలుగులో వీటికి మాటలు లేకపోలేదు, వాడుకోమంతే. ప్రివారికేట్‌కు డొంకతిరుగుడు మాటలు, ఈక్వివొకేట్‌కు రెండర్థాల మాట, ఇవేడ్‌కు దాటవేత, కప్పదాటు, ఫిబ్‌కు చిన్న బొంకు. జవాబు తోచక గింజుకుంటుంటే ‘నీళ్లు నమలడం’ అంటాం. అది ప్రివారికేట్‌కు దగ్గరగా కనిపిస్తుంది గాని సరిపోదు. ప్రివారికేట్ చేసేవాడికి మాటలకు కొదవుండదు, నీళ్లు నమిలేవాడికి మాటే పెగలదు. పాల్టర్‌కు మనకు ఒక్క మాట లేదు గాని ఉదాహరణ ఉంది: ధర్మరాజు అశ్వత్థామ మాట. చచ్చింది ఏనుగే, చెప్పిందీ నిజమే, ద్రోణుడు మోసపోవడమూ నిజమే. ఇంగ్లీషు వ్యాసంలో పాల్టర్ కనిపిస్తే ‘నిజాలే చెప్పి తప్పుదోవ పట్టించడం’ అని విప్పి రాయడమే మంచిది.

ఇక్కడే సైటులో ఒక లోటు చెప్పాలి. పాల్టర్ పేజీలో ఉన్న అర్థాలు రెండు: చిత్తశుద్ధి లేకుండా, మోసపూరితంగా వ్యవహరించడం ఒకటి, బేరమాడడం ఇంకొకటి. కాని మేనేజ్‌మెంట్, మనస్తత్వశాస్త్రం రాతల్లో ఈ మాట ఇప్పుడు ఎక్కువగా కనిపించేది ‘నిజమైన వాక్యాలతోనే ఎదుటివాడిని పక్కదోవ పట్టించడం’ అనే ప్రత్యేకార్థంలో. హార్వర్డ్ పరిశోధకులు, వాళ్ల సహచరులు 2017లో ప్రచురించిన అధ్యయనం ఆ అర్థాన్ని బాగా వ్యాప్తి చేసింది. సైటు నిర్వచనం మాత్రమే చదివి అలాంటి వ్యాసాన్ని అనువదిస్తే ‘నిజమైన’ అన్న ముఖ్యమైన ముక్క జారిపోయి, పాల్టర్ మామూలు అబద్ధమైపోతుంది.

ఈ తేడాల మీద జైలు శిక్షే ఆధారపడిన కేసు ఒకటుంది, మాటల తూకం తెలియడానికి దానికి మించిన పాఠం లేదు. శామ్యూల్ బ్రాన్‌స్టన్ అనే అమెరికన్ సినీ నిర్మాత కంపెనీ దివాలా తీసింది. 1966లో విచారణలో ప్రమాణం చేయించి, స్విస్ బ్యాంకుల్లో మీకు ఖాతాలున్నాయా అని అడిగారు. లేవు అన్నాడు. ఎప్పుడైనా ఉండేవా అని అడిగారు. “కంపెనీకి ఆరు నెలల పాటు జ్యూరిక్‌లో ఒక ఖాతా ఉండేది” అన్నాడు. రెండు జవాబులూ నిజమే. అంతకుముందు దాదాపు ఐదేళ్లు జెనీవాలో ఆయన సొంత ఖాతా ఉండేదన్నది మాత్రం చెప్పలేదు. దొంగసాక్ష్యం కింద జ్యూరీ శిక్షార్హుడని తేల్చింది, అప్పీలు కోర్టు సమర్థించింది. 1973లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది. మాట అక్షరాలా నిజమైనప్పుడు, అది ఎంత తప్పుదోవ పట్టించేదైనా, పెర్జరీ కాదంది. జవాబు ప్రశ్నకు సరిపోలేదని గమనించి మళ్లీ అడగడం లాయరు పని అంది.

ఈ వార్తను తెలుగులో రాస్తూ ‘అబద్ధం చెప్పినా నిర్మాత బయటపడ్డాడు’ అని శీర్షిక పెడితే తీర్పు మొత్తం తలకిందులవుతుంది. ఆయన అబద్ధం చెప్పలేదనే కదా బయటపడింది. ‘దాటవేత దొంగసాక్ష్యం కాదు’ అంటే సరిపోతుంది. లై పేరా, పెర్జరీ పేజీ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివినవాళ్లకు ఈ పొరపాటు రాదు.

డిసీవ్ పేజీ కింద ఉన్న పేరాలో నాలుగు మాటలున్నాయి: డిసీవ్, మిస్‌లీడ్, డిల్యూడ్, బిగైల్. ఇందులో పని మీద పనికొచ్చేది మిస్‌లీడ్ గురించిన వాక్యం. అది ఉద్దేశపూర్వకం కావచ్చు, కాకపోవచ్చు అని స్పష్టంగా చెప్తుంది. కాబట్టి ‘మిస్‌లెడ్ ది హౌస్’ అని వస్తే ‘సభను మోసగించారు’ అని రాయకూడదు, ‘సభను తప్పుదోవ పట్టించారు’ అనే రాయాలి. మన అసెంబ్లీ వార్తల్లో స్థిరపడిన మాట కూడా అదే, బాగా కుదిరిన మాట. డిల్యూడ్‌కు భ్రమలో ముంచడం. బిగైల్‌కు మాయమాటలతో లోబరుచుకోవడం, మభ్యపెట్టడం కన్నా అందులో ఆకర్షణ పాలు ఎక్కువ. హుడ్‌వింక్‌కు మాత్రం వెతకనక్కర్లేదు, పాత అర్థంలో అది నిజంగానే కళ్లకు గంతలు కట్టడం.

డిసెప్షన్ పేరా ఇంకా మంచిది. డిసెప్షన్‌లో తప్పు ఉండొచ్చు, ఉండకపోవచ్చు, ఇంద్రజాలికుడు చేసేదీ డిసెప్షనే అంటుంది. ఫ్రాడ్‌లో ఎప్పుడూ దోషం ఉంటుంది, తరచు నేరం ఉంటుంది. డబుల్ డీలింగ్‌లో నమ్మకద్రోహం. సబ్టర్‌ఫ్యూజ్ అంటే నింద నుంచి తప్పించుకోవడానికో, పని నెరవేర్చుకోవడానికో పన్నే ఎత్తు. ట్రికరీ బురిడీ కొట్టించడం. క్రీడా వార్తల్లో స్పిన్నర్ బంతికి ‘డిసెప్టివ్’ అని వస్తే ‘మోసపూరిత బంతి’ అని రాయకుండా ‘బ్యాటర్‌ను బోల్తా కొట్టించే బంతి’ అని ఎందుకు రాయాలో ఆ మొదటి వాక్యమే చెప్తుంది.

ఇవేడ్, అవాయిడ్, ఎల్యూడ్, షన్, ఎస్చ్యూ అన్నీ ఎస్కేప్ కింద ఒకచోట ఉంటాయి. అవాయిడ్‌లో ముందుచూపు, ఇవేడ్‌లో నేర్పుతో పాటు నీతి తప్పడం అనే ఛాయ ఉందంటుంది. ట్యాక్స్ అవాయిడెన్స్, ట్యాక్స్ ఇవేజన్ రెండింటినీ ‘పన్ను ఎగవేత’ అని రాసేవాళ్లు ఈ ఒక్క పేరా చదివితే చాలు. ఎగవేత రెండోదానికే. మొదటిది చట్టంలో ఉన్న దారులు వాడుకుని పన్ను తగ్గించుకోవడం. దానికి హద్దులు పెట్టడానికే మన ఆదాయపు పన్ను చట్టంలో గార్ (జనరల్ యాంటీ-అవాయిడెన్స్ రూల్స్) నిబంధనలు 2017 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి.

ఇప్పుడు నమ్మకూడని భాగాలు. మొదటిది థెసారస్ పేజీ. అక్కడ మాటలు గుంపుగా దొరుకుతాయి, ఒకదాని బదులు ఇంకొకటి పెట్టుకోవచ్చన్న భ్రమ కలుగుతుంది. ఫ్యాబ్రికేట్‌కు బదులు ఫిబ్, పెర్జర్‌కు బదులు ప్రివారికేట్ పెట్టడం అక్కడినుంచే వస్తుంది. థెసారస్‌ను మరిచిపోయిన మాట గుర్తు తెచ్చుకోవడానికి మాత్రమే వాడాలి. దొరికిన మాట మీద నొక్కి, దాని నిర్వచనం పేజీకి పోయి, పేరా ఉంటే చదివి, అప్పుడే వాక్యంలో పెట్టాలి.

రెండోది వెబ్ నుంచి తెచ్చిన తాజా ఉదాహరణలు. వాటిని యంత్రం ఏరుతుందని సైటే కింద రాసుకుంది. ఎక్కువగా అమెరికా పత్రికల వాక్యాలు. మాట వాడుకలో ఉందా లేదా తెలియడానికి పనికొస్తాయి, సరైన వాడుక నేర్చుకోవడానికి కాదు. ప్రివారికేట్ విషయంలో ఇది బాగా గుర్తుంచుకోవాలి. దాన్ని ప్రోక్రాస్టినేట్‌తో కలగలిపి ‘వాయిదా వేస్తూ పోవడం’ అన్న అర్థంలో వాడేవాళ్లు ఇంగ్లండులోనూ, మన దేశపు ఇంగ్లీషు పత్రికల్లోనూ చాలామంది ఉన్నారు. ఇంగ్లీషు వాక్యంలో ప్రభుత్వం ప్రివారికేట్ చేస్తోందని ఉంటే, రాసినవాడు మాటలు మారుస్తోందన్నాడా, తాత్సారం చేస్తోందన్నాడా అని ముందు వెనక వాక్యాలు చూసి తేల్చుకోవాలి. నిఘంటువు మొదటి అర్థమే చెప్తుంది, అసలు రచయిత రెండోది అనుకుని ఉండొచ్చు.

మూడోది ఉచ్చారణ. స్పీకరు గుర్తు నొక్కి వినేవాళ్లకు ఇబ్బంది లేదు, అమెరికన్ యాస వస్తుంది. అక్షరాలు చూసి చదివేవాళ్లకే చిక్కు. ఈ నిఘంటువు అంతర్జాతీయ ధ్వని లిపి వాడదు, సొంత గుర్తులు పెట్టుకుంది. ఇంగ్లీషు మొదటి అక్షరం మీద అడ్డగీత ఉంటే మన లిప్యంతరీకరణ అలవాటులో ‘ఆ’ అని చదువుతాం, ఇక్కడ దాని విలువ ‘ఏయ్’. అందుకే ప్రివారికేట్ చివర ‘కాట్’ అని చదివే ప్రమాదం ఉంది. ‘ఐ’ (i) అక్షరం మీద గీత ‘ఈ’ కాదు, ‘ఐ’. ‘ఇ’ (e) అక్షరం మీద గీత ‘ఈ’. ఈ మూడు గుర్తుంటే చాలు. అంతర్జాతీయ లిపే కావాలంటే ఇదే సంస్థ పాత లెర్నర్స్ నిఘంటువు ఇప్పుడు బ్రిటానికా డిక్షనరీ పేరుతో ఉచితంగా ఉంది. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు అందులోని నిర్వచనాలు ఇంకా సులువు.

కొత్త మాటల్లో గ్యాస్‌లైటింగ్ పేజీని మాత్రం మెచ్చుకోవాలి. 2022లో ఆ సంస్థ ఏడాది మాటగా ఎంచుకుంది. ముందటి ఏడాదితో పోలిస్తే దాని కోసం వెతికినవాళ్లు 1740 శాతం పెరిగారని ప్రకటించింది. 1938 నాటి ఒక బ్రిటిష్ నాటకం నుంచి వచ్చిన మాట ఇది. పేజీలో రెండర్థాలు విడదీసి ఇచ్చారు. ఒకటి, చాలాకాలం పాటు ఒక మనిషిని మానసికంగా తొలుస్తూ తన జ్ఞాపకాన్నీ మతినీ తానే అనుమానించుకునేలా చేయడం. రెండోది, స్వలాభం కోసం ఎవరినైనా ఘోరంగా తప్పుదోవ పట్టించడం. గృహహింస గురించిన కథనంలో మొదటి అర్థాన్ని విప్పి రాయాలి, రాజకీయ ప్రకటనలో వస్తే ‘మభ్యపెట్టడం’ చాలు. రెండుచోట్లా ‘గ్యాస్‌లైటింగ్’ అని తెలుగు లిపిలో దించేసి వదిలేస్తే పాఠకుడికి ఏదీ అందదు.

ఇక చట్టం. సైటులో చాలా మాటలకు ‘లీగల్ డెఫినిషన్’ అని విడిగా ఉంటుంది. అది అమెరికా చట్టం. మన కోర్టు పత్రాలకు దాన్ని ఆధారం చేసుకుంటే పని చెడుతుంది. పెర్జరీనే తీసుకోండి. అబద్ధం కేసుకు ముఖ్యమైన విషయం మీద ఉండాలన్నది అక్కడి లెక్కలో భాగం. మన భారతీయ న్యాయ సంహిత 227వ సెక్షన్ పేరులోనే పెర్జరీ అన్న మాట లేదు, ‘తప్పుడు సాక్ష్యం ఇవ్వడం’ అని ఉంది. ముఖ్యమైన విషయమై ఉండాలన్న షరతు ఆ నిర్వచనంలో లేదు. పాత ఐపీసీలో ఇది 191. అబద్ధమని తెలిసి చెప్పడమే కాదు, నిజమని నమ్మకుండా చెప్పినా దాని కిందికే వస్తుంది. ‘అలా అని నా నమ్మకం’ అని సాక్షి అన్నప్పుడు ఆ నమ్మకమే లేకపోతే అదీ తప్పుడు సాక్ష్యమే. న్యాయ విచారణలో అయితే శిక్ష ఏడేళ్ల దాకా ఉంది.

ఫ్రాడ్, మిస్‌రిప్రజెంటేషన్‌ల తేడాకు కూడా నిఘంటువు చాలదు, 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చదవాలి. 17వ సెక్షన్‌లో ఫ్రాడ్: నిజం కాదని తెలిసి చెప్పడం, దాచిపెట్టడం, నిలబెట్టుకునే ఉద్దేశం లేకుండా మాటివ్వడం. 18లో మిస్‌రిప్రజెంటేషన్: తాను నిజమని నమ్మినా తగిన ఆధారం లేకుండా గట్టిగా చెప్పడం. మౌనం గురించి అక్కడున్న ఉదాహరణలు ఏ నిఘంటువులోనూ దొరకవు. గుర్రానికి జబ్బని తెలిసినా అమ్మేవాడు ఏమీ చెప్పకపోతే అది ఫ్రాడ్ కాదు. కొనేది అప్పుడే మేజరైన అతని కూతురైతే చెప్పాల్సిన బాధ్యత ఉంటుంది. “నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటా” అని కొనేవాడన్నప్పుడు నోరు మెదపకపోతే ఆ మౌనం మాటతో సమానం. మన బైకు కుర్రాడు గుర్తుపెట్టుకోవాల్సింది ఈ చివరిదే. “యాక్సిడెంట్ కాలేదనే అనుకుని డబ్బు కడుతున్నా” అని వాట్సాప్‌లో రాసి పంపితే, తర్వాత వచ్చే మౌనానికి కూడా విలువ కట్టొచ్చు.

ప్రకటనల భాషకు వినియోగదారుల రక్షణ చట్టం, 2019 చూడాలి. నిఘంటువు దృష్టిలో మిస్‌లీడింగ్‌కు ఉద్దేశం అక్కర్లేదు. ఆ చట్టం ‘తప్పుదోవ పట్టించే ప్రకటన’ కింద తప్పుడు వర్ణన, తప్పుడు హామీలతో పాటు ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచడాన్ని కూడా చేర్చింది. తొలిసారి జరిమానా 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా ఉంది. షాపింగ్ యాప్‌లలో కొనేవాడిని ఏమార్చే పద్ధతులు 13 రకాలని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో మార్గదర్శకాలిచ్చింది. బాస్కెట్ స్నీకింగ్ (అడగని వస్తువును బుట్టలో చేర్చడం), డ్రిప్ ప్రైసింగ్ (అసలు ధరను ముందే చెప్పకుండా విడతలుగా బయటపెట్టడం) లాంటి మాటలు అనువదించాల్సి వస్తే ఆ మార్గదర్శకాల అనుబంధంలోని వివరణల్నే పట్టుకోవాలి. మెరియమ్-వెబ్‌స్టర్‌లో ఇక్కడ పనికొచ్చేది ‘వీజిల్ వర్డ్’ పేజీ. సూటిగా చెప్పకుండా తప్పించుకోవడానికి పెట్టే మాట అని అర్థం. ‘70 శాతం వరకు తగ్గింపు’లో ‘వరకు’ అలాంటిదే.

తెలుగు మాట వెతకడానికి ఈ సైటు సాయపడదు. పక్కన ఆంధ్రభారతి నిఘంటుశోధన తెరిచి పెట్టుకోవాలి. బ్రౌను, శంకరనారాయణ నిఘంటువులు ఒకేసారి వెతుకుతుంది, ఉచితం. అవి పాత పుస్తకాలు కాబట్టి గ్యాస్‌లైటింగ్ లాంటివి దొరకవు. కాని ఏమార్చు, బుకాయించు, బొంకు, కల్ల లాంటి మాటలు మళ్లీ చేతికి వస్తాయి. బ్లఫ్‌కు ‘బుకాయింపు’ కంటే మంచి మాట ఇంకెక్కడా దొరకదు.

ఆ చిన్న పేరాలు చాలక ఇంకా లోతు కావాలనుకునేవాళ్లు సంస్థ అచ్చువేసిన పర్యాయపదాల నిఘంటువునే కొనుక్కోవాలి.  సైటులో ఒక వాక్యంతో తేల్చిన తేడాను అందులో సాహిత్యం నుంచి వాక్యాలు తెచ్చి వివరంగా చూపించారు. ప్రతి మాట చివరా ‘అనా’ అని దగ్గరి మాటలు, ‘యాంట్’ అని వ్యతిరేక పదాలు, ‘కాన్’ అని పోలికకు పనికొచ్చే భిన్నమైన మాటలు విడివిడిగా ఉంటాయి. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ వరుసల్లో, కోఠిలో, విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు చూసేటప్పుడు దీని మీద కన్నేసి ఉంచొచ్చు. అట్ట మీద ‘థెసారస్’ అని కాక ‘డిక్షనరీ ఆఫ్ సినానిమ్స్’ అని ఉందో లేదో చూసుకోవాలి. పేర్లు దగ్గరగా ఉన్నా ఒకటి జాబితాల పుస్తకం, రెండోది తేడాల పుస్తకం. లోపల ‘డిసీవ్’ పేజీ తీసి చూస్తే వివరణ పేరాలు కనిపించాలి, ఉత్త మాటల వరుసలే ఉంటే అది మనక్కావాల్సింది కాదు.